మనిషికి ఎదురురాయి

వంతెన మీద మొదటి తల పగిలేసరికి సూర్యుడింకా కోట బురుజు దాటి పైకి రాలేదు.

ఆ తల బేతనది కాదు లెండి. అదే అయ్యుంటే కథ ఆ వంతెన మీదే ముగిసేది, నాకూ మీకూ శ్రమ తప్పేది. తులాగిరి కోట ముఖద్వారం దగ్గర ముగ్గురు భటులు కాపలా ఉన్నారు. వాళ్లలో ముందున్నవాడు, “ఎవడ్రా నువ్వు? భుజం చూపించు!” అని గద్దించి బేతన కప్పుకున్న గొంగళి లాగబోయాడు. గొంగళి కిందనుంచి రాళ్లు కొట్టే సమ్మెట లేచి వాడి శిరస్త్రాణాన్నీ, దాని కిందున్న పుర్రెనూ కలిపి నొక్కేసింది. రెండోవాడి బల్లెం బేతన పక్కటెముకల మీద చర్మాన్ని చీల్చుకుంటూ పోయింది. బేతన ఆ బల్లేన్నే పట్టుకుని వాణ్ణి ముందుకు గుంజి, మోకాలితో గడ్డం కింద ఒక్క పోటు పొడిచి, పిట్టగోడ మీంచి అగడ్తలోకి విసిరేశాడు. అగడ్తలో మొసళ్లు నిన్నటినుంచి పస్తున్నాయి. వాడి కేక సగంలోనే తెగిపోయింది. మూడోవాడు కత్తి పారేసి పరుగు లంకించుకున్నాడు. పారిపోయేవాణ్ణి చంపడం పాపమని బేతనకు తెలుసు. కానీ వాడు వెళ్లి నగారా మోగిస్తే అక్క బతకదు. సమ్మెట గాలిలో రెండు మొగ్గలు వేసి వాడి వీపు మధ్య దిగింది.

ఈ బేతన రాకుమారుడు కాడు. వాడికి మంత్రాలు రావు, ఎగిరే గుర్రం లేదు. తులాగిరి హద్దులకు అవతల, కలువకొండ మీద తూనికరాళ్లు చెక్కే ఇంట పుట్టాడు. తల్లీ తండ్రీ పోయాక వాణ్ణి పెంచింది అక్క మైలమ. ఆ మైలమను ఈరోజు మిట్టమధ్యాహ్నం తులాగిరి మహాత్రాసు ఎక్కిస్తారు. తట్ట పైకి లేచిందంటే ఆమె సరాసరి మంటల్లోకి పోతుంది.

ఆ త్రాసు సంగతి కాస్త చెప్పాలి. నాకు వచ్చిన కోపం మీకూ రావాలి గదా!

తులాగిరిలో పన్నెండేళ్లు నిండిన ప్రతి మనిషినీ మహాత్రాసు మీద తూస్తారు. ఎదుటి తట్టలో మూడు రాళ్లు ఉంటాయి. తేలిన తూకాన్ని బట్టి భుజం మీద ముద్ర కాలుస్తారు. బంగారు తూకంవాడు సభలో మాట్లాడతాడు. వెండివాడు వింటాడు. రాగివాడు పని చేస్తాడు, మట్టివాడు బరువులు మోస్తాడు. బడిలో పలక పట్టాలన్నా, న్యాయసభలో సాక్ష్యం చెప్పాలన్నా, ఆఖరికి పెళ్లిలో ముందు వరసలో కూర్చోవాలన్నా భుజం చూపించాల్సిందే. ఇక మట్టి తూకానికి కూడా అందని మనిషిని తాలు అంటారు. చేటతో చెరిగినప్పుడు తాలుగింజలు ఎగిరిపోయినట్టు ఆ మనిషిని త్రాసు కింద మండే తాలుగుండంలోకి ఎగరేస్తారు. ఈ ఏర్పాటంతా మూల్యభట్టుది. ఆయనే రాజగురువు, ఆయనే మహామంత్రి, బడులన్నిటికీ పెద్ద కూడా ఆయనే. పైగా మాంత్రికుడు. సింహాసనం మీద కూర్చున్న రాజుగారి పేరు ప్రచండసేనుడు. పేరుకే ప్రచండుడు గానీ భట్టు దగ్గితే ఉలిక్కిపడతాడు.

కొండ దిగి కోటకు వచ్చి తూగినప్పుడు మైలమది బంగారు తూకం. రాజబడిలో పంతులమ్మ. ఆమె మూడేళ్ల పాటు, రోజూ రాజబడి వదిలే వేళయ్యాక, సున్నంబట్టీల వెనక మట్టి తూకంవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. పదకొండు రోజుల కిందట పట్టుబడింది, ఆమెను మళ్లీ తూయిస్తానని భట్టు చాటింపు వేయించాడు. ఇంతకు మించి ఆమె చేసిన నేరమేమీ లేదు.

బేతన మొదటివాడి కవచం తొడుక్కున్నాడు. మూడోవాడి నెత్తురంటిన శిరస్త్రాణాన్ని అగడ్త నీళ్లలో జాడించి నెత్తిన పెట్టుకుని, దర్జాగా కోటలోకి నడిచాడు.

ఏం నగరమండీ అది! పాలరాతి మేడలు, మేడల మీద పగడపు పిట్టగోడలు, పిట్టగోడల మీద మెడలు సాచిన బంగారు నెమళ్లు. వీధికొక నీటి ధార, ధార పక్కన సంపెంగ తోరణాలు, తోరణాల కింద పల్లకీల బారులు. గాలి వీస్తే మేడమేడకూ కట్టిన వెండి గంటలు ఘల్లుమంటాయి. ఆ గాలిలోనే తాలుగుండం వాసన కూడా వస్తుంది. ఊళ్లోవాళ్లకు అది అలవాటైపోయింది. బేతన మాత్రం ముక్కు మూసుకుని నడిచాడు.

ఊరంతా దాటి, మధ్యాహ్నం కావొస్తుండగా వాడు మహాత్రాసు ఉండే తూకపుబయలు వెనకున్న శిలామందిరానికి పోయాడు. తూకపురాళ్లను దాచేది అక్కడే. ఆ మూడు రాళ్లూ చెక్కింది వాడి తండ్రి. పిసరంత హెచ్చుతగ్గులు ఎరగని చెయ్యి అది. అక్క తట్ట తేలిపోతుందని భట్టు అంత ధీమాగా చాటింపు వేయించాడంటే రాళ్లు మార్చి ఉంటాడని బేతన అనుమానం. దొంగరాయిని పట్టుకుని సభలో పెడితే అక్క బయటపడుతుంది.

మందిరం తలుపు తోశాడో లేదో, గోడకు ఆనుకుని నిలబడ్డ రెండు రాతిబొమ్మలు కళ్లు తెరిచాయి. తాటిచెట్టంత ఒళ్లు, రోలంత పిడికిళ్లు. భట్టు మంత్రం పోసి నిలబెట్టిన శిలాభటులవి. మొదటి పిడికిలి బేతన ఛాతీ మీద పడింది. కవచం సొట్టపోయి, వాడు ఎగిరి స్తంభానికి కొట్టుకున్నాడు. నోట్లో నెత్తురు ఉప్పగా తగిలింది. రెండో బొమ్మ వాడి కాలు పట్టి, ధోబీ బట్ట బాదినట్టు నేలకేసి బాదింది. ఎడమ భుజం కీలు తప్పింది.

“ఓరి మీ పొగరు మండా! రాళ్లు కొట్టుకు బతికేవాడితోనా మీ ఆటలు?” అన్నాడు బేతన పళ్లు బిగించి.

ప్రతి రాతికీ అది చీలే వాటం ఒకటి ఉంటుంది. వాటం తెలియనివాడు నూరు దెబ్బలు కొట్టినా పెచ్చు లేవదు. తెలిసినవాడికి ఒక్క దెబ్బ చాలు. బేతన దొర్లుతూనే సమ్మెట కొనతో బొమ్మ పిక్క మీద టక్కున తట్టి చెవి పెట్టాడు. మోకాలి దగ్గర శబ్దం బొంగురుపోయింది. అక్కడే కొట్టాడు. మోకాలు విడిపోయి, బొమ్మ కూలి, పక్కదాని మీద పడింది. రెండోది తమాయించుకునేలోపు వాడు దాని వీపెక్కి మెడ వెనక తట్టి చూశాడు. వాటం దొరికింది. తల ఊడి గడప మీంచి దొర్లుకుంటూ పోయింది. బేతన తప్పిన భుజాన్ని స్తంభానికి అదిమి, ఒక్క అరుపు అరిచి, కీలు లోపలికి తోసుకున్నాడు.

అప్పుడు రాళ్ల దగ్గరికి వెళ్లాడు. మూడింటినీ ఒక్కొక్కటిగా తట్టాడు, దొర్లించాడు, అడుగున తడిమి చూశాడు. ప్రతి రాయి అడుగునా తండ్రి పెట్టిన చిన్న గాటు ఉంది. ఒక్క పెచ్చు లేచిపోలేదు, ఎక్కడా అతుకు లేదు. రాళ్ల ముఖాన మాత్రం భట్టు ఏవో అక్షరాలు చెక్కించాడు. మొదటి రాతి మీద ‘రాజుకు ఎంత లాభం’, రెండో దాని మీద ‘సేనకు ఎంత బలం’, మూడో దాని మీద ‘ఖజానాకు ఎంత రాబడి’ అని ఉంది. బేతన చదివాడు గానీ పట్టించుకోలేదు. రాళ్లు చెక్కేవాడికి బరువు ముఖ్యం. రాత ఎవడిక్కావాలి?

“రాళ్లు నిఖార్సయినవే. అయితే మోసం త్రాసుకాడలో ఉంది,” అనుకున్నాడు.

బయట కొమ్ములు ఊదారు. రాళ్లు మోసుకెళ్లేవాళ్ల అడుగులు వినపడ్డాయి. బేతన వెనక కిటికీలోంచి దూకి బయలు వైపు పరుగెత్తాడు.

తూకపుబయలు జనంతో కిటకిటలాడుతోంది. నడుమ తాలుగుండం, అందులో నీలిమంట. గుండం మధ్య నల్లరాతి స్తంభం, దాని మీద ఏనుగు తొండమంత ఇనుపకాడ. కాడకు రెండు కొసలా ఇత్తడి తట్టలు గొలుసులతో వేలాడుతున్నాయి. తట్ట దిగితే గుండం ఒడ్డున ఉన్న రాతి అరుగు మీద ఆనుతుంది. తట్ట లేస్తే పైనున్న కొక్కెం దాన్ని పట్టి మంటల్లోకి ఒంచుతుంది. ఇటు అరుగు జనం వైపు, అటు అరుగు రాజుగారి వైపు ఉన్నాయి. అటువైపు భటులు పొడుగాటి ఇనుప కొక్కేలు పట్టుకుని కాచుకుని ఉన్నారు. తట్టలోంచి జారి అరుగు మీద పడ్డవాళ్లను గుండంలోకి ఈడ్చడం వాళ్ల పని.

మైలమను ఇటు తట్టలో కూర్చోబెట్టారు. జుట్టు కత్తిరించేశారు. పెదవి చిట్లి ఉంది. నలభై ఏళ్ల మనిషి పదకొండు రోజుల్లో అరవై ఏళ్లదానిలా అయిపోయింది.  బేతన ఏడుపు దిగమింగి అరుగు దగ్గరికి తోసుకుంటూ వెళ్లాడు.

మూల్యభట్టు రాజుగారి పక్కన లేచి నిలబడ్డాడు. పిలకనుంచి పాదం దాకా పట్టు, చేతిలో పాము తల కర్ర.

“మహాజనులారా! విలువ లేని వస్తువు లోకంలో లేదు. కొలవలేని విలువా లేదు. కొలత తెలిస్తే రాజ్యం చేయడం పిల్లలాట. ఎవణ్ణి ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎవడికి చదువు చెప్పాలో, ఎవడి చేత మోత మోయించాలో త్రాసే చెబుతుంది. మట్టివాడికి అక్షరం నేర్పడమంటే ఇసుకలో పాలు పోయడం. ఈమె మూడేళ్లు పాలు పారబోసింది!”

“పారబోయలేదు భట్టూ. తాగారు,” అంది మైలమ.

“తాగి ఏం చేశారు? ఒక్కడైనా దండనాయకుడయ్యాడా?”

“ఒక సున్నంబట్టీవాడు తన పేరు తాను రాసుకుని, దాన్ని చూసుకుని, ఒక పూటంతా ఏడ్చాడు. దానికి ఎదురు పెట్టడానికి నీ దగ్గర రాయి ఉందా?”

జనంలో ఎవరో నవ్వబోయి దగ్గుగా మార్చుకున్నారు. భట్టు చెయ్యి ఊపాడు. అటు తట్టలో మూడు రాళ్లు పెట్టారు. ఇటు తట్ట దూదిపింజలా లేచిపోయింది. కొక్కెం లాగే భటుడు మీట మీద చెయ్యి వేశాడు.

“ఆగండి! మారుతూకం!” అని అరిచాడు బేతన.

మీట మీద భటుడి చెయ్యి అక్కడే ఆగింది. మారుతూకం తులాగిరిలో భట్టు కన్నా పాత కట్టడి. త్రాసు మీద అనుమానం వచ్చినవాడు ఎవడైనా సరే, తట్టలు మార్చి తూయమని ఒకసారి అడగొచ్చు. త్రాసు దొంగదైతే తూనికదారుడి తల పోతుంది. నిజమైనదైతే అడిగినవాడు కూడా గుండంలోకే పోతాడు. కొట్లలోనూ సంతలోనూ అడిగినవాళ్లున్నారు గానీ మహాత్రాసు దగ్గర ఇంతవరకు ఎవడూ అడగలేదు. ప్రాణం ఎవడికి చేదు?

రాజుగారు భట్టు వైపు చూశారు. భట్టు చిరునవ్వు నవ్వి, “అడిగాడు గదా, కానివ్వండి ప్రభూ,” అన్నాడు.

ఆ నవ్వు చూసినప్పుడైనా బేతన అనుమానించాల్సింది. అనుమానించలేదు. రాళ్లను ఇటు తట్టకు, మైలమను అటు తట్టకు మార్చారు. రాళ్ల తట్ట ధన్‌మని బేతన కాళ్ల ముందు అరుగు మీద ఆనింది. మైలమ తట్ట మళ్లీ గాలిలోకి లేచింది. వెంట్రుకవాసి తేడా లేదు.

త్రాసు దొంగది కాదు. రాళ్లూ దొంగవి కావు. బేతన సమ్మెట నేలకు దించాడు. అక్కను కాపాడబోయి రెండోసారి వీగిపోయేలా చేశాడు, పైగా లోకమంతా చూస్తుండగా!

పైనుంచి మైలమ పిలిచింది. “బేతా! ఏడవకు. ఆ కాడలో భట్టు ఒక యక్షిణిని బంధించాడురా. అది కండలు తూయదు, మనిషిని తూస్తుంది. అబద్ధమూ చెప్పదు. రాజుకు నావల్ల ఏం లాభమని రాళ్లు అడిగాయి, ఏమీ లేదని అది చెప్పింది. నిజమే గదా! తప్పు తూకంలో లేదురా పిచ్చివాడా, అడిగిన ప్రశ్నలో ఉంది.”

“వాణ్ణి పట్టండి!” అన్నాడు భట్టు.

ఐదుగురు భటులు బేతన మీదికి ఉరికారు. మొదటివాడి దవడ సమ్మెట దెబ్బకు ఊడి వేలాడింది. రెండోవాడి కత్తి బేతన తొడలో దిగింది. దిగిన కత్తితోనే బేతన తిరిగి, పొడిచినవాడి ముక్కు నుదుటితో పగలగొట్టి, రాళ్ల తట్టలోకి దూకాడు. మొదటి రాయిని వీపుతో నెట్టి గుండంలోకి దొర్లించాడు. మంట ఒక్కసారి పైకెగసింది. రెండో రాయి దొర్లింది. తట్ట అంచు పట్టుకున్న భటుడొకడు ఆ రాయితోపాటే, దాని కిందే, మంటల్లోకి పోయాడు. మూడో రాయి దగ్గర బేతన బలం చాలలేదు. తొడలోంచి నెత్తురు ధారకట్టింది. “నాన్నా, క్షమించు!” అని వాటం చూసి సమ్మెటతో కొట్టాడు. తండ్రి చెక్కిన రాయి నిలువునా చీలింది. రెండు ముక్కలనూ తన్నేశాడు.

బేతన తట్ట అరుగు వదిలి లేచింది. మైలమ తట్ట దిగింది. రెండూ రెండాళ్ల ఎత్తున ఎదురెదురుగా వచ్చి ఆగిపోయాయి. ఇనుపకాడ చెరువు నీళ్లలా సమంగా నిలిచింది.

రాయి లేకుండా, మనిషికి ఎదురుగా మనిషిని పెట్టి తూయడం ఆ ఊళ్లో ఎవరూ చూడలేదు. అటు బంగారు తూకం పంతులమ్మ, ఇటు అసలు తూకమే వేయించుకోని కొండవాడు. అయినా సమంగా ఉన్నారు. జనంలో గుసగుస మొదలైంది. అది హోరుగా మారకముందే భట్టు గొంతు ఎత్తాడు.

“బాగుంది! మీలో ఒకరు గుండంలోకి దూకండి. రెండోవారి తట్ట క్షేమంగా అరుగు మీద దిగుతుంది. వారిని వదిలేస్తానని రాజుగారి పాదాల మీద ఒట్టు. ఇద్దరిలో ఎవరు తక్కువో మీరే తేల్చుకోండి!”

బేతన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. తట్ట అంచు మీద కాలు పెట్టాడు.

“కూర్చోరా!” అంది మైలమ. బడిలో పిల్లల్ని గదమాయించే గొంతు అది. వాడు టక్కున కూలబడ్డాడు. “దూకావంటే వాడి లెక్క నువ్వు ఒప్పుకున్నట్టే. నేనెక్కువా, నువ్వు తక్కువా? ఎవడ్రా చెప్పింది నీకు?”

“అక్కా, నువ్వు బతకాలే! నువ్వు లేకపోతే నేనేమైపోను?”

“నాకూ బతకాలనే ఉందిరా. చావడం నాకేమన్నా సరదానా? కానీ నిన్ను తక్కువ చేసి నేను బతకలేను.” ఆమె కళ్లు తుడుచుకుంది. “ఆ తొడకు గుడ్డ కట్టుకో. నెత్తురంతా పోతోంది.”

భట్టు ముఖం నల్లబడింది. “ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు. అది ఏనుగు మాట. చచ్చిన మనిషి గుడ్డికాసు చెయ్యదు. చూడండి మహాజనులారా, వీళ్ల సమానం ఎంతసేపు నిలుస్తుందో!” అని విలుకాడి వైపు తల ఊపాడు.

బాణం మైలమ మెడ కింద దిగి వెనక తేలింది. ఆమె ఏదో చెప్పబోయింది. నోటినిండా నెత్తురు వచ్చింది. గొలుసుకు తల ఆనించి, తమ్ముడి వైపే చూస్తూ, రెండు ఊపిర్లు తీసింది. మూడోది రాలేదు.

“అక్కా!”

ఆ కేకకు బయలంతా వణికింది. బేతన తట్టలో మోకాళ్ల మీద పడి గుండెలు బాదుకుని ఏడ్చాడు. జనం మాత్రం త్రాసు వైపే చూస్తున్నారు. ఇప్పుడు లేస్తుంది తట్ట, ఇప్పుడు లేస్తుంది అని చూస్తున్నారు. భట్టు కూడా చూస్తున్నాడు.

తట్ట లేవలేదు. కాడ వెంట్రుకవాసి కదల్లేదు. చచ్చిన మైలమ బతికిన మైలమంతే తూగింది.

రాజుగారు సింహాసనం మీంచి లేచి నిలబడ్డారు. బాణం వేసిన విలుకాడి చేతిలోంచి విల్లు జారిపోయింది. భట్టు ఒక్కొక్క అడుగే వెనక్కి వేసి, పట్టుపంచె పైకెత్తుకుని, బయలు అంచునున్న నల్లబురుజు మెట్ల వైపు పరుగు తీశాడు.

బేతన చూశాడు. సమ్మెట అందుకున్నాడు. కానీ ఎలా దిగడం? తను దిగాడంటే అక్క తట్ట అటు అరుగు మీదికి పోతుంది. అక్కడ భటులు కొక్కేలతో ఉన్నారు. అక్క శవాన్ని తాలులా మంటల్లోకి ఈడ్చేస్తారు. వాడు గొలుసు పట్టుకుని, పారిపోతున్న భట్టునూ తల వాల్చిన అక్కనూ మార్చి మార్చి చూస్తూ, నిస్సహాయంగా పళ్లు నూరాడు.

అప్పుడు జనంలోంచి ఒక ముసలమ్మ నిచ్చెన భుజాన వేసుకుని వచ్చింది. గుండంలో బూడిద ఎత్తే మనిషి. భుజం మీద మట్టి ముద్ర, పాదాలు బూడిదరంగుకు తిరిగిపోయాయి. నిచ్చెనను అరుగు మీదనుంచి బేతన తట్టకు ఆనించి, వగరుస్తూ ఎక్కింది.

“దిగు నాయనా. అమ్మకు ఎదురు నేను కూసుంటా.”

“అవ్వా, బాణాలేస్తారు.”

“ఏస్తే ఏశారులే. నువ్వు కాలు తియ్యి, నేను కాలు పెడతా. బేగి కానీ, ఆడు ఎల్లిపోతన్నాడు.”

ఆమె ఒక కాలు లోపల పెడుతుంటే వాడు ఒక కాలు బయటపెట్టాడు. ఆమె రెండో కాలు పెట్టింది, వాడు నిచ్చెన మీదికి జారాడు. కాడ కిర్రుమంది. 

కాడ సమంగానే నిలిచింది.

బేతన అరుగు మీద దిగి వెనక్కి తిరిగేసరికి నిచ్చెన కింద మరొకడు నిలబడి ఉన్నాడు, ముసలమ్మ అలిసిపోతే తను ఎక్కడానికి. వాడి వెనక ఇంకొకతె. ఆమె వెనక జరీ తలపాగా తీసి చంకలో పెట్టుకున్న బంగారు తూకం షావుకారు ఒకడు, అతని వెనక సున్నం చేతుల మనుషులు పది మంది, వాళ్ల వెనక ఇంకా వస్తూనే ఉన్నారు. మైలమ తట్టను కిందికి దిగనివ్వకుండా ఆ వరస బయలు దాటి వీధిలోకి పోయింది.

బేతన కళ్లు తుడుచుకుని, కుంటుకుంటూ, సమ్మెట ఈడ్చుకుంటూ నల్లబురుజు మెట్లెక్కాడు. పైన ఇనుపతలుపు ధడాలున మూసుకుంది. వాడు చెవి ఆనించి, తలుపు పక్కన గోడరాతిని ఒకసారి తట్టి విన్నాడు.

వాటం దొరికింది. సమ్మెట రెండు చేతులా ఎత్తాడు.